మూసిన చిప్‌లో మన గొంతు



సిద్దిపేట నుంచి హైదరాబాదుకు రాజీవ్ రహదారి మీద దాదాపు 100 కిలోమీటర్లు. రేడియో తరంగం ఈ దూరాన్ని సెకనులో మూడు వేలవ వంతులో దాటేస్తుంది. అయినా సిద్దిపేటలో ఒక హ్యామ్ తన చేతిలోని అయిదు వాట్ల హ్యాండ్‌సెట్ నొక్కి పిలిస్తే హైదరాబాదులో ఎవరికీ వినపడదు. ఆ సెట్లు పనిచేసే వీహెచ్‌ఎఫ్ తరంగాలు చూపు సాగినంత మేర నేరుగా పోతాయి. మన దక్కను నేల గుట్టలూ బండలూ, పైగా భూమి వంపు, వాటిని మధ్యలోనే ఆపేస్తాయి. ఈ చిన్న ఇబ్బంది దగ్గరే నేటి నా ప్రసంగం మొదలవుతుంది. ఆ ఇబ్బంది దాటడానికి హ్యామ్‌లు వాడుతున్న డిజిటల్ మాట ఇవాళ ఎక్కడ నిలబడిందో, ముందు ముందు ఏమవుతుందో మీతో చెప్పాలని వచ్చాను.

హ్యామ్ రేడియో అంటే ఏమిటో తెలియని వారికి రెండు మాటలు. కేంద్ర టెలికాం శాఖ పెట్టే పరీక్ష పాసై, లైసెన్సూ, తమదైన గుర్తింపు సంకేతం కాల్‌సైనూ తీసుకుని, వ్యాపారం కోసం కాకుండా నేర్చుకోవడానికీ ప్రయోగాలకూ స్నేహానికీ ఆపద వేళ సాయానికీ రేడియోలో మాట్లాడుకునే వాళ్లు హ్యామ్‌లు. మన దేశపు కాల్‌సైన్లు వీయూ అక్షరాలతో మొదలవుతాయి. తెలుగు నేలకు ఇందులో పెద్ద పేరే ఉంది. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983లో హైదరాబాదులోనే పుట్టింది. దేశంలో ఎంతోమంది హ్యామ్‌లు అక్కడ పాఠం నేర్చుకున్నవాళ్లే.

వాళ్లు తరతరాలుగా మాట్లాడింది అనలాగ్‌లో. ఎఫ్ఎం అయినా ఎస్‌ఎస్‌బీ అయినా మన గొంతులోని ఎత్తుపల్లాలే తరంగం మీదికి ఎక్కుతాయి. సిగ్నల్ తగ్గితే చప్పుడు పెరుగుతుంది, మాట బలహీనపడుతుంది, అయినా చెవి దాన్ని పట్టుకుంటుంది. ఎస్‌ఎస్‌బీలో గరగరల అడుగున ఎక్కడో సన్నగా వినిపించే కాల్‌సైన్‌ను అలవాటైన హ్యామ్ ఒక్కొక్క అక్షరంగా ఏరుకుంటాడు.

డిజిటల్ మాట తీరు వేరు. మామూలు టెలిఫోన్ ఎక్స్ఛేంజి మన మాటను సెకనుకు 64,000 బిట్లుగా మారుస్తుంది. రేడియోలో అంత చోటు లేదు. డీ-స్టార్ అనే పద్ధతిలో మాట వాటాకు వచ్చేది సెకనుకు 2,400 బిట్లు మాత్రమే. ఇంత సన్నని దారిలో గొంతును దూర్చాలంటే గొంతునే పంపడం కుదరదు, దాని వర్ణన పంపాలి. కోడెక్ అనే భాగం చేసేది అదే. మాటను 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోస్తుంది. ఈ ముక్కలో స్వరం ఎంత ఎత్తున ఉంది, ఏ భాగంలో నాదం ఉంది, ఏ భాగంలో ఊపిరి ఉంది, ఏ పౌనఃపున్యంలో ఎంత బలం ఉంది అని కొలుస్తుంది. ఆ కొలతలను అవతలికి పంపుతుంది. అవతలి సెట్‌లోని కోడెక్ ఆ కొలతలు చదివి కొత్తగా ఒక గొంతు కడుతుంది. మీరు వినేది మీ స్నేహితుడి గొంతు పోలికలున్న, యంత్రం కట్టిన గొంతు.

దీనివల్ల లాభం లేదని నేననను. సిగ్నల్ ఉన్నంతసేపు చప్పుడే ఉండదు. మాటతో పాటు కాల్‌సైన్, ఉన్న చోటు, చిన్న సందేశం కూడా వెళ్తాయి. డీఎంఆర్ అనే మరో పద్ధతిలో 12.5 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఒకే చానెల్‌లో రెండు వేర్వేరు సంభాషణలు నడపవచ్చు. అయితే సిగ్నల్ ఒక హద్దు దిగిందంటే మాట తగ్గుతూ పోదు, ఒక్కసారిగా తెగిపోతుంది. అంతకు ముందు ఓ క్షణం గిలగిలమని అర్థం కాని శబ్దాలు వస్తాయి. అనలాగ్‌లో చెవికి దక్కే ఆ చివరి అవకాశం ఇక్కడ లేదు.

ఇప్పుడు అసలు చిక్కు చెప్తాను. ఇది తరంగాలది కాదు, మనుషులు చేసినది.

డీ-స్టార్‌ను జపాన్ అమెచ్యూర్ రేడియో లీగ్ రూపొందించి 2001లో బయటపెట్టింది. దాన్ని ఐకామ్ కంపెనీ సెట్లలో పెట్టింది. డీఎంఆర్ యూరప్‌లో వ్యాపార సంస్థల వాకీటాకీల కోసం పుట్టిన ప్రమాణం, 2005లో వచ్చింది. చైనా సెట్లు చవకగా దొరకడంతో హ్యామ్‌ల చేతికీ చేరింది. 2013లో యాఎసు కంపెనీ సిస్టమ్ ఫ్యూజన్ అని మూడోది తెచ్చింది. అమెరికా పోలీసులకూ అగ్నిమాపక దళాలకూ చేసిన పీ25 ఇంకొకటి. డీ-స్టార్ సెట్‌కు డీఎంఆర్ అర్థం కాదు, డీఎంఆర్ సెట్‌కు ఫ్యూజన్ అర్థం కాదు. ఒకే ఊళ్లో, ఒకే బ్యాండ్‌లో, పక్కపక్క ఇళ్లలో ఉన్న ఇద్దరు హ్యామ్‌లు వేర్వేరు కంపెనీల డిజిటల్ సెట్లు కొంటే ఒకరి మాట ఒకరికి చేరదు. చివరికి ఇద్దరూ ఎఫ్ఎంకు మారి పలకరించుకుంటారు.

ఇంకా బాధ కలిగించే సంగతి ఉంది. ఒకదానితో ఒకటి మాట్లాడని ఈ పద్ధతులన్నీ గొంతును కుదించడానికి వాడేది ఒకే కంపెనీ సొత్తు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఉన్న డిజిటల్ వాయిస్ సిస్టమ్స్ అనే సంస్థ తయారుచేసిన ఏఎంబీఈ కుటుంబపు కోడెక్ అది. చిప్ కొనుక్కోవచ్చు, లోపల ఏం జరుగుతోందో చూడటానికి లేదు, మన చేత్తో రాసుకుని మార్చుకోవడానికి లేదు. డీ-స్టార్ వాడే పాత రూపం మీది పేటెంట్ల గడువు 2017లో తీరింది. డీఎంఆర్, ఫ్యూజన్ వాడే కొత్త రూపం మీది పేటెంటు 2028 దాకా నడుస్తుంది.

ఇలా కంపెనీ చేతిలో చిక్కిన విత్తనం సంగతి మన ఉమ్మడి మెదక్ జిల్లా వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. జహీరాబాదు చుట్టుపక్కల ఊళ్ల దళిత మహిళా రైతులు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో చేరి, జొన్నలు, కొర్రలు, సామల విత్తనాలు ఇళ్లలోనే దాచుకుని, అవసరమైన వాళ్లకు ఇచ్చి పుచ్చుకుంటూ వచ్చారు. కంపెనీ పొట్లం విత్తనం ఒక పంట ఇస్తుంది, మళ్లీ ఏడాది కంపెనీ దగ్గరికే పోవాలి. మూసిన చిప్‌తో మాట్లాడే హ్యామ్ పరిస్థితీ అంతే. ఆ మహిళలే 2008 అక్టోబరు 15న మాచనూరులో సంఘం రేడియో ప్రారంభించారని కూడా గుర్తుచేయాలి. పల్లె ఆడవాళ్లు తమ మాటను తామే ప్రసారం చేసుకున్న స్టేషన్ అది. విత్తనం సొంతమై ఉండాలన్న పట్టుదల, గొంతు సొంతమై ఉండాలన్న పట్టుదల వాళ్లకు వేరువేరు కావు.

హ్యామ్‌లకు ఈ మూసివేత కొత్త. 1950, 60 దశకాల్లో ఏఎం నుంచి ఎస్‌ఎస్‌బీకి మారినప్పుడు కూడా పెద్ద రగడే జరిగింది. అయితే ఎస్‌ఎస్‌బీ సర్క్యూటు పత్రికల్లో అచ్చయింది. చదివి, విడిభాగాలు తెచ్చి, సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని ఎవరికి వారు కట్టుకున్నారు. కొత్త పద్ధతి జనంలోకి వచ్చింది ఆ చేతిపనితోనే. డిజిటల్ మాటకు ఆ అవకాశం దక్కలేదు.

మన సిద్దిపేట హ్యామ్ దగ్గరికి వద్దాం. హైదరాబాదు అందడం లేదు కాబట్టి అతను ఏం చేస్తాడు? అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన హాట్‌స్పాట్ కొంటాడు. అందులో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్, దాని మీద సుమారు 10 మిల్లీవాట్ల రేడియో బోర్డు ఉంటాయి. హ్యాండ్‌సెట్ మాట ఆ డబ్బాకు చేరుతుంది, డబ్బా దాన్ని ఇంటర్నెట్‌లోకి పంపుతుంది, బ్రాండ్‌మైస్టర్ వంటి నెట్‌వర్కులు ప్రపంచం మొత్తానికి మోసుకుపోతాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు హ్యామ్ నిమిషంలో పలుకుతాడు. దూరాన ఉన్నవాళ్లతో తెలుగులో మాట్లాడుకోవడంలో ఉన్న సంతోషాన్ని నేను తక్కువ చేయను. హాట్‌స్పాట్ పెట్టేవాళ్లు లైసెన్సు షరతులు చదువుకుని పెట్టాలన్నది వేరే చెప్పనక్కర్లేదు.

అయితే ఆ సంభాషణలో రేడియో ఎంత దూరం నడిచింది? ముందు గది నుంచి వెనక గదికి. మిగిలిన పదిహేను వేల కిలోమీటర్లూ కేబుల్ వాడి తీగే. కరెంటు పోయి, ఫైబర్ తెగి, మొబైల్ టవర్ ఆగిన రోజు ఆ హాట్‌స్పాట్ మూగబోతుంది. సరిగ్గా ఆ రోజునే హ్యామ్ అవసరం పడుతుంది.

2004 డిసెంబరు చూడండి. హైదరాబాదులోని అమెచ్యూర్ రేడియో ఇన్‌స్టిట్యూట్ తరఫున భారతీ ప్రసాద్ నాయకత్వంలో ఒక చిన్న బృందం అండమాన్ వెళ్లింది. ఎన్నో ఏళ్లుగా అక్కడ హ్యామ్ ప్రసారాలకు అనుమతి లేదు, పట్టుబట్టి సాధించారు. పోర్ట్ బ్లెయిర్‌లోని హోటల్లో యాంటెన్నా కట్టి, వీయూ4ఆర్బీఐ కాల్‌సైన్‌తో ప్రపంచమంతటి హ్యామ్‌లతో మాట్లాడారు. డిసెంబరు 26 ఉదయం సునామీ వచ్చింది. టెలిఫోన్లు తెగిపోయాయి. సరదాగా మొదలైన ఆ స్టేషనే ద్వీపాల నుంచి దేశానికి వార్త మోసింది. తమవాళ్లు బతికున్నారో లేదో తెలియక అల్లాడుతున్న కుటుంబాలకు కబురందించింది. ఆ పని చేసింది షార్ట్‌వేవ్ మీద మామూలు ఎస్‌ఎస్‌బీ మాట. మధ్యలో సర్వర్ లేదు, నెట్‌వర్కు లేదు. ఇటు ఒక రిగ్, అంటే రేడియో సెట్, అటు ఒక రిగ్, మధ్యన ఆకాశంలోని అయనోస్ఫియర్ పొర. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కూల్చినప్పుడూ హైదరాబాదు హ్యామ్‌లు సెట్లు పట్టుకుని బయల్దేరారు.

డీఎంఆర్ భవిష్యత్తు మీద నాకు ఇంకో సందేహం కూడా ఉంది. ఆ సెట్లు చవకగా దొరుకుతున్నది హోటళ్లు, కర్మాగారాలు, సెక్యూరిటీ సంస్థలు వేలల్లో కొంటున్నందువల్ల. ఆ వ్యాపార సంస్థలిప్పుడు సిమ్ కార్డుతో నడిచే వాకీటాకీల వైపు మళ్లుతున్నాయి. పెద్ద కొనుగోలుదారు వెళ్లిపోతే హ్యామ్‌ల కోసం మాత్రమే కంపెనీలు చవక సెట్లు చేస్తాయని నేను నమ్మను. పరాయి మార్కెట్ మీద ఆధారపడ్డ పద్ధతి ఆ మార్కెట్‌తోనే పెరుగుతుంది, దానితోనే తగ్గుతుంది.

మరి దారి లేదా? ఉంది, పైగా దానిలో ఒక కొస మన దగ్గరే ఉంది.

హైదరాబాదులో అష్హర్ ఫర్హాన్ అనే హ్యామ్ ఉన్నారు, కాల్‌సైన్ వీయూ2ఈఎస్‌ఈ. బంజారాహిల్స్‌లోని లామకాన్ సాంస్కృతిక కేంద్రం స్థాపకుల్లో ఆయనా ఒకరు. విదేశీ రిగ్ కొనలేని భారతీయ హ్యామ్‌ల కోసం ఆయన 2000ల తొలి ఏళ్లలో బిట్‌ఎక్స్ 20 అనే ఎస్‌ఎస్‌బీ సెట్ గీశారు. మన బజార్లో దొరికే ట్రాన్సిస్టర్లతో కట్టుకోవచ్చు. ఖరీదైన కోర్లు దొరక్కపోతే కుళాయి వాషర్ల మీద కాయిల్ చుట్టుకోవచ్చు. సర్క్యూటు మొత్తం ఉచితంగా పెట్టేశారు. పోలండు నుంచి అర్జెంటీనా దాకా జనం కట్టుకున్నారు. తర్వాత వచ్చిన బిట్‌ఎక్స్ 40, మైక్రోబిట్‌ఎక్స్ కిట్లు హైదరాబాదులో తయారై దేశదేశాలకు వెళ్లాయి. కాయిళ్లు చుట్టింది నగరంలోని ఆడవాళ్ల బృందమే. ఇప్పటి ఎస్‌బిట్‌ఎక్స్‌లో రాస్ప్‌బెర్రీ పై కూర్చుంది. చాలా పని సాఫ్ట్‌వేరే చేస్తుంది, ఆ సాఫ్ట్‌వేరూ అందరికీ తెరిచే ఉంది.

రెండో కొస ఆస్ట్రేలియాలో ఉంది. అడిలైడ్‌కు చెందిన డేవిడ్ రో, వీకే5డీజీఆర్, 2009 ప్రాంతంలో కోడెక్2 మొదలుపెట్టారు. ఏఎంబీఈ చేసే పనినే చేసే కోడెక్ అది. సెకనుకు 3,200 బిట్ల నుంచి 450 బిట్ల దాకా కుదిస్తుంది. ప్రతి వరుసా ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. దాని మీద ఫ్రీడీవీ అనే షార్ట్‌వేవ్ డిజిటల్ మాట 2012లో వచ్చింది. 2019లో పోలండ్ హ్యామ్ వోయ్‌చెహ్ కచ్మార్స్కి, ఎస్పీ5డబ్ల్యూడబ్ల్యూపీ, అదే కోడెక్2తో వీహెచ్‌ఎఫ్ కోసం ఎమ్17 మొదలుపెట్టారు. వార్సాలో వాళ్ల క్లబ్బు ఉన్న మొకొతోవ్‌స్కా వీధి 17వ నంబరు ఇంటి నుంచే ఆ పేరు వచ్చింది. సిమెంటు ఫ్యాక్టరీ కాపలాదారు కోసమో పోలీసు కోసమో పుట్టినది కాదు, హ్యామ్‌లు హ్యామ్‌ల కోసం చేసుకున్నది.

ఫ్రీడీవీ బృందం 2024లో ఇంకో అడుగు వేసింది. రేడ్ అనే కొత్త పద్ధతిలో గొంతు వర్ణననూ, తరంగం మీదికి ఎక్కించడాన్నీ న్యూరల్ నెట్‌వర్కుకే నేర్పారు. చేసిన ప్రయోగాల రికార్డింగులు వింటే, ఎస్‌ఎస్‌బీ మాట చప్పుడులో కూరుకుపోయిన చోట కూడా మాట శుభ్రంగా వస్తోంది. మామూలు ఎస్‌ఎస్‌బీ రిగ్‌కు కంప్యూటర్ తగిలిస్తే చాలు. అంటే హైదరాబాదులో పుట్టిన సెట్, అడిలైడ్‌లో పుట్టిన కోడెక్ కలిపితే ఈ చివర మైకు నుంచి ఆ చివర స్పీకరు దాకా మూసిన చిప్ లేని డిజిటల్ మాట తయారవుతుంది. వీహెచ్‌ఎఫ్ లాగా గుట్ట అడ్డమూ ఉండదు. షార్ట్‌వేవ్ అయనోస్ఫియర్‌ను తాకి సిద్దిపేటకూ హైదరాబాదుకూ, సిద్దిపేటకూ శ్రీకాకుళానికీ మధ్య దిగుతుంది. ఇంటర్నెట్ అక్కర్లేదు.

ఇక్కడ ఒక తెలుగువాడిగా అడగాల్సిన ప్రశ్న ఉంది. ఈ కోడెక్‌లు ఏ గొంతులు విని పెరిగాయి? మన భాషలో పాట, పాత వేరు. కల, కళ వేరు. ఆ తేడా నాలుక కొన మడత పడే కొద్ది మిల్లీసెకన్లలోనే ఉంటుంది. కోడెక్ ముక్క 20 మిల్లీసెకన్లు. బిట్లు తగ్గే కొద్దీ ముందుగా నలిగేవి ఇలాంటి సూక్ష్మమైన హల్లులే. మన హ్యామ్ పల్లెలో మాట్లాడుతుంటే వెనక ఫ్యాను, ట్రాక్టరు, పక్కింటి టీవీ కూడా ఉంటాయి. ఇలాంటి కోడెక్‌లు ఒక్క మనిషి గొంతునే ఊహించుకుంటాయి, వెనక చప్పుడు కలిస్తే తడబడతాయి. న్యూరల్ కోడెక్ విషయంలో ఇది మరీ ముఖ్యం, ఏ మాటలు వినిపిస్తే ఆ మాటలే దానికి బాగా వస్తాయి. మూసిన చిప్‌కు తెలుగు సరిగా రాకపోతే మనం చేయగలిగింది ఏమీ లేదు. తెరిచిన కోడెక్‌కు రాకపోతే తెలుగు మాటలు రికార్డు చేసి, పరీక్షించి, తప్పు ఎక్కడుందో చూపి, సరిచేసి పంపవచ్చు. ఇది ఇంజినీరింగు కాలేజీలో చివరి ఏడాది పిల్లల ప్రాజెక్టుకు సరిపోయే పని. ఎవరో చేసిన ప్రాజెక్టు కొనుక్కుని నల్ల అట్ట వేసి ఇవ్వడం కంటే వెయ్యి రెట్లు విలువైన పని.

డిజిటల్‌కు ఇలాంటి అనిశ్చితి మామూలు రేడియో ప్రసారాల్లోనూ ఉంది. ఆకాశవాణి 30కి పైగా మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లలో డీఆర్‌ఎం డిజిటల్ ప్రసారం పెట్టింది. కొన్ని కొత్త కార్లలో తప్ప దాన్ని వినే సెట్లు ఇళ్లలోకి రాలేదు. ట్రాన్స్‌మిటర్ ఎంత గొప్పదైనా సామాన్యుడి చేతికి చవకైన రిసీవర్ అందకపోతే ప్రసారం గాలిలోనే ఉండిపోతుంది.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. డీ-స్టార్, డీఎంఆర్, ఫ్యూజన్ రేపే పోవు, సెట్లున్నంత కాలం నడుస్తాయి. వాటి మీద డబ్బు పెట్టినవాళ్లు హాయిగా వాడుకోండి. కానీ హ్యామ్ రేడియో డిజిటల్ మాటకు భవిష్యత్తంటూ ఉంటే అది హ్యామ్ విప్పి చూడగలిగిన పద్ధతిలోనే ఉంటుంది. హ్యామ్‌లు రహస్య సంకేతాల్లో మాట్లాడకూడదని అంతర్జాతీయ నియమం. మాట దాచకూడదన్న చోట మాటను మోసే పద్ధతి మాత్రం దాచి ఉంచడం నాకు న్యాయంగా తోచదు. అలాంటి తెరిచిన పద్ధతి నిలదొక్కుకునే వరకు అనలాగ్‌ను అటకెక్కించవద్దు. కొత్తగా సెట్ కొనేవాళ్లు డిజిటల్‌తో పాటు ఎఫ్ఎం ఉన్నదే కొనండి. వీలుంటే ముందు షార్ట్‌వేవ్ ఎస్‌ఎస్‌బీ రిగ్, ఒక తీగ యాంటెన్నా, ఒక 12 వోల్టుల బ్యాటరీ సమకూర్చుకోండి.

సిద్దిపేట, గజ్వేల్, హుస్నాబాద్, దుబ్బాక పిల్లలకు నా విన్నపం ఒకటే. హ్యామ్ పరీక్షకు 12 ఏళ్లు నిండితే కూర్చోవచ్చు. రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ కోడ్ కూడా అక్కర్లేదు. హైస్కూలు భౌతికశాస్త్రం, కొన్ని నిబంధనలు చదివితే చాలు. మీ సైన్సు మాస్టారును అడగండి, నలుగురు కలిసి దరఖాస్తు పెట్టండి. కాల్‌సైన్ వచ్చాక మొదటి సెట్‌ను కొనకండి, కట్టండి. 2028లో డీఎంఆర్ కోడెక్ మీది ఆ పేటెంటు గడువు తీరే నాటికి మన జిల్లాలో కోడెక్ లోపలి పనిని చదవగల పిల్లలు పదిమందైనా ఉండాలి.